సోడియం పంపు కథ: పీత కాలి నరం నుంచి కణత్వచం దాకా

మీరు ఏ పనీ చేయకుండా మంచంమీద వెల్లకిలా పడుకుని ఉన్నారనుకోండి. చెయ్యి కదలదు, కాలు కదలదు. అయినా మీరు తిన్న అన్నం నుంచి శరీరం తయారుచేసుకున్న శక్తిలో దాదాపు ఐదో వంతు ఒకే ఒక్క పనికి ఖర్చవుతూ ఉంటుంది. ఏమిటా పని? కణాల్లోకి చొరబడే సోడియాన్ని బయటికి తోడిపోయడం, బయటికి జారిపోయే పొటాషియాన్ని తిరిగి లోపలికి తెచ్చుకోవడం. ఈ పని చేసే యంత్రాన్ని సోడియం-పొటాషియం పంపు అంటారు. ఇది ఒక ప్రోటీను. కణాన్ని చుట్టి ఉండే పలుచని త్వచంలో ఇది ఇమిడి ఉంటుంది.

ఈ పంపు చేసే పని గురించి మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. కాని అది కణంలో ఎక్కడ తయారవుతుంది? తయారైన చోటినుంచి త్వచం దాకా ఎలా చేరుతుంది? చేరవలసిన చోటికి కాక మరో చోటికి చేరితే ఏమవుతుంది? ఈ ప్రశ్నలకు సమాధానాలు ఒక్కరోజులో, ఒక్క ప్రయోగశాలలో దొరకలేదు. పంపును వెతికినవారు ఒక దారిలో, ప్రోటీన్ల ప్రయాణాన్ని గమనించినవారు మరో దారిలో ఏళ్ళ తరబడి నడిచారు. ఆ రెండు దారులూ కలిశాకే కథ పూర్తిగా అర్థమయింది. ఆ చరిత్రను ఇప్పుడు తెలుసుకుందాం.

లోపల ఒకటి, బయట ఒకటి

మన రక్తంలోని ద్రవభాగంలో లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌ల సోడియం అయాన్లు ఉంటాయి. పొటాషియం అయాన్లు 4 లేక 5 మిల్లీమోల్‌లు మాత్రమే. కణం లోపల ఇందుకు పూర్తిగా విరుద్ధం. అక్కడ పొటాషియం సుమారు 140, సోడియం 10 నుంచి 15. ఈ తేడా ఉన్నందువల్లనే నాడీకణాలు సంకేతాలను పంపగలుగుతున్నాయి, గుండె కొట్టుకుంటున్నది.

సోడియం అవసరాన్ని 1902లో ఎర్నెస్ట్ ఓవర్టన్ స్పష్టంగా చూపించారు. సోడియం లేని ద్రావణంలో ఉంచిన కప్ప కండరాలు ప్రేరణకు స్పందించడం మానేశాయి. అయితే ఈ తేడా ఎలా నిలుస్తున్నది? కణత్వచం సోడియాన్ని అసలు లోపలికి రానివ్వదు కాబట్టి, అని చాలాకాలం అనుకున్నారు. గట్టి తలుపు ఉంటే కావలివాడితో పనేమిటి?

రేడియోధార్మిక సోడియం ప్రయోగశాలలకు అందుబాటులోకి వచ్చాక ఈ నమ్మకం సడలింది. 1940 ప్రాంతంలో అమెరికాలోని రోచెస్టర్‌లో లియోన్ హెప్పెల్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి, సోడియం కండర కణాల్లోకి వెళుతున్నదని చూపించారు. లోపలికి వెళుతున్నా లోపల పోగుపడడం లేదంటే, దాన్ని ఎవరో బయటికి తోడుతూ ఉండాలి కదా! ఏతంతో బావిలోని నీటిని పైకి తోడడానికి మనిషి బలం కావాలి. అలాగే తక్కువగా ఉన్న చోటినుంచి ఎక్కువగా ఉన్న చోటికి సోడియాన్ని తోడడానికి శక్తి కావాలి. 1941లో అదే ఊరి రాబర్ట్ డీన్, కండరంలో ఇటువంటి పంపు ఏదో ఉండి తీరాలని వాదించారు.

1955లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అలన్ హాడ్జ్‌కిన్, రిచర్డ్ కీన్స్ సముద్రజీవుల బలిసిన నాడీతంతువులను తీసుకుని, వాటిలో శక్తి ఉత్పత్తిని ఆపే డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని ప్రయోగించారు. సోడియం బయటికి పోవడం దాదాపుగా ఆగిపోయింది. రసాయనాన్ని కడిగివేస్తే మళ్ళీ మొదలయింది. పంపు ఉన్నదన్నది రూఢి అయింది. కాని అది ఏ పదార్థం? ఎవరూ దాన్ని చేతికి చిక్కించుకోలేదు.

పీతల కాళ్ళలో దొరికిన జవాబు

దాన్ని చేజిక్కించుకున్నది డెన్మార్క్ దేశంలో ఆర్హుస్ విశ్వవిద్యాలయానికి చెందిన జెన్స్ స్కౌ అనే వైద్యుడు. ఆయన వెతికింది పంపు కోసం కాదు. నొప్పి తెలియకుండా చేసే మత్తుమందులు నరాలమీద ఎలా పనిచేస్తాయన్నది ఆయన ప్రశ్న. దానికోసం నరాల త్వచంలోని ఏదైనా ఎంజైమును పరిశీలించాలనుకున్నారు. సముద్రతీరంలో దొరికే పీతల కాళ్ళనుంచి నరాలను తీసి, నూరి, వాటిలో ఎ.టి.పి.ని విచ్ఛిన్నం చేసే ఎంజైమును పరీక్షించారు. ఎ.టి.పి. అంటే కణంలో చెల్లే శక్తి నాణెం అని మీకు తెలుసు.

ఆ ఎంజైము మెగ్నీషియం ఉంటే కొద్దిగా పనిచేసింది. సోడియం, పొటాషియం రెండూ కలిసి ఉన్నప్పుడు మాత్రం దాని వేగం బాగా పెరిగింది. ఒక్కటే ఉంటే ఆ చురుకుదనం లేదు. రెండు అయాన్లనూ గుర్తుపట్టే ఎంజైము, శక్తిని ఖర్చుచేసే ఎంజైము, అదీ నరాల త్వచంలో! అందరూ వెతుకుతున్న పంపు ఇదే కావచ్చునని స్కౌకు తోచింది. అయినా 1957లో అచ్చయిన ఆయన పత్రం శీర్షికలో 'పంపు' అన్న మాట లేదు.

మరుసటి సంవత్సరం వియన్నాలో జీవరసాయన శాస్త్రజ్ఞుల అంతర్జాతీయ సమావేశం జరిగింది. అక్కడ అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ పోస్ట్‌కు స్కౌ తన ఎంజైము గురించి చెప్పారు. పోస్ట్ ఎర్రరక్తకణాల్లో ఈ పంపునే పరిశోధిస్తున్నారు. ఒక్కొక్క విడతలో 3 సోడియం అయాన్లు బయటికి, 2 పొటాషియం అయాన్లు లోపలికి వెళతాయని లెక్కకట్టినది ఆయనే. "మీ ఎంజైమును ఊబెయిన్ ఆపుతుందా?" అని పోస్ట్ అడిగారు. ఊబెయిన్ అనేది మొక్కల నుంచి లభించే విషపదార్థం. ఈ కోవకు చెందిన పదార్థాలు ఎర్రరక్తకణాల్లో పంపును ఆపివేస్తాయని 1953లోనే స్విట్జర్లాండ్‌కు చెందిన షాట్స్‌మన్ చూపించారు. స్కౌ ఆ పేరు అప్పటిదాకా విననే లేదు! వెంటనే ఆర్హుస్‌లోని ప్రయోగశాలకు ఫోన్ చేసి పరీక్షించమన్నారు. ఊబెయిన్ ఆ ఎంజైమునూ ఆపివేసింది. అనుమానం తీరిపోయింది. ఈ పరిశోధనకు స్కౌకు నోబెల్ బహుమతి 40 ఏళ్ళ తరవాత, 1997లో వచ్చింది.

ప్రోటీన్లు నడిచే దారి

ఇక రెండో దారికి వద్దాం. స్కౌ పీతలతో పనిచేస్తున్న రోజుల్లోనే, న్యూయార్క్‌లోని రాక్‌ఫెలర్ సంస్థలో జార్జ్ పలాడే మరో ప్రశ్న వేసుకున్నారు. కణంలో తయారైన ప్రోటీను బయటికి ఎలా వెళుతుంది? 1960లలో ఆయన, ఆయన సహచరులు గినీపందుల క్లోమగ్రంథి కణాలకు రేడియోధార్మిక అమైనో ఆమ్లాన్ని కొద్ది నిమిషాలపాటు అందించి ఆపేశారు. ఆ కొద్ది నిమిషాల్లో తయారైన ప్రోటీన్లకే గుర్తు పడుతుంది. పెళ్ళి ఊరేగింపులో ఎర్రతలపాగా చుట్టుకున్న నలుగురిని కనిపెడుతూ పోతే ఊరేగింపు దారి తెలిసినట్లు, ఆ గుర్తున్న ప్రోటీన్లను వెంబడించారు.

గుర్తు మొదట అంతర్జీవద్రవ్య జాలంలో కనిపించింది. రైబోజోములు అంటుకుని గరుకుగా ఉండే పొరల వల అది. అక్కడినుంచి గాల్జీ సంక్లిష్టానికి, అక్కడినుంచి స్రవించడానికి సిద్ధంగా ఉండే రేణువుల్లోకి వెళ్ళింది. ఒక మజిలీ నుంచి మరో మజిలీకి ప్రోటీన్లు కోశికలు అనే చిన్న సంచుల్లో ప్రయాణిస్తాయి. పలాడేకు 1974లో నోబెల్ బహుమతి లభించింది.

మరి ఏ ప్రోటీను ఈ దారిలోకి రావాలో కణానికి ఎలా తెలుసు? పలాడే ప్రయోగశాలలోనే పెరిగిన గుంటర్ బ్లోబెల్, డేవిడ్ సబటినితో కలిసి 1971లో ఒక ఊహ చెప్పారు. ప్రోటీను గొలుసులోనే చిరునామా రాసి ఉంటుందన్నారు. మన దేశంలో ఉత్తరాలకు పిన్‌కోడ్ వచ్చింది 1972లో. కణాలు ఆ పద్ధతిని కోట్ల సంవత్సరాల క్రితమే పాటించాయన్నమాట! 1975 నాటికి బ్లోబెల్ ఈ ఊహకు ప్రయోగ సాక్ష్యం చూపించారు. ఆయనకు 1999లో నోబెల్ వచ్చింది.

త్వచంలో ఉండవలసిన ప్రోటీన్లు కూడా ఈ దారిలోనే వెళతాయి. అయితే ఇవి పొరను దాటి అవతలికి పోవు, పొరలోనే కుట్టుకుపోతాయి. రైబోజోము గొలుసును అల్లుతుండగానే, నూనెను ఇష్టపడి నీటికి దూరంగా ఉండే భాగాలు జాలం పొరలో ఒకదాని తరవాత ఒకటి అమరుతాయి.

ఈ ప్రయాణాన్ని నడిపే జన్యువులేవి? కాలిఫోర్నియాలో రాండీ షెక్‌మన్, పీటర్ నోవిక్ ఈస్ట్ కణాలలో ఉత్పరివర్తనాలు కలిగించి, ప్రోటీన్లు దారిలో ఇరుక్కుపోయిన రకాలను 1979 నుంచి ఏరసాగారు. మరుసటి ఏడాదికి 23 జన్యువులు తేలాయి. జేమ్స్ రాత్‌మన్ ఇదే రవాణాను కణం వెలుపల, పరీక్షనాళికలో జరిపించారు. వీరిద్దరికీ, నాడీకణాల్లో కోశికల విడుదలను వివరించిన థామస్ ష్యూడాఫ్‌కూ కలిపి 2013లో నోబెల్ ఇచ్చారు.

జంట కుదిరితేనే ప్రయాణం

1985లో రెండు దారులూ దగ్గరపడ్డాయి. ఆ ఏడాది గొర్రె మూత్రపిండం నుంచి, టార్పెడో అనే విద్యుత్ చేప నుంచి పంపు జన్యు సమాచారాన్ని చదవగలిగారు. పంపులో రెండు ముఖ్యమైన ఉపభాగాలు ఉన్నాయని అంతకుముందే తెలుసు. మొదటిది ఆల్ఫా. ఇది వెయ్యికి పైగా అమైనో ఆమ్లాల పెద్ద గొలుసు, త్వచాన్ని 10 సార్లు అటూ ఇటూ దాటుతుంది. ఎ.టి.పి.ని విరిచేదీ, అయాన్లను మోసేదీ ఇదే. రెండోది బీటా. ఇది సుమారు 300 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. త్వచాన్ని ఒక్కసారే దాటుతుంది, దాని వెలుపలి భాగానికి చక్కెర కొమ్మలు అతికి ఉంటాయి.

పనంతా ఆల్ఫాయే చేస్తుంటే బీటా ఎందుకు? మీకూ ఈ సందేహం రావాలి. జపాన్ శాస్త్రజ్ఞులు దీన్ని 1987లో కప్ప గుడ్లతో పరీక్షించారు. జెనోపస్ అనే ఆఫ్రికా కప్ప గుడ్డు చాలా పెద్దది. దానిలోకి ఏ వార్తాహర ఆర్.ఎన్.ఎ.ను సూదితో ఎక్కిస్తే ఆ ప్రోటీనును తయారుచేసి పెడుతుంది. విద్యుత్ చేప ఆల్ఫా ఆర్.ఎన్.ఎ.ను ఒంటరిగా ఎక్కిస్తే పనిచేసే పంపులు పెరగలేదు. బీటా ఆర్.ఎన్.ఎ.ను కూడా కలిపి ఎక్కిస్తేనే పెరిగాయి.

స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో కేథీ గీరింగ్ బృందం ఇందుకు కారణం వెతికింది. ఈ గుడ్లలో ఆల్ఫా సహజంగానే అవసరానికి మించి తయారవుతుంది, బీటాయే చాలదు. జత దొరకని ఆల్ఫా అంతర్జీవద్రవ్య జాలంలోనే ఉండిపోతుంది. బీటా అందగానే జత కుదిరి, సరైన ఆకారం వచ్చి, గాల్జీ వైపు ప్రయాణం సాగుతుంది. ఆల్ఫా గొలుసులో 7, 8 సంఖ్యల భాగాల మధ్య బయటికి పొడుచుకువచ్చే చిన్న మెలిక ఉంది. బీటా దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు లేకపోతే 7వ భాగం పొరలో సరిగా కుదురుకోదు.

అంటే ఈ జాలం ప్రోటీన్లను తయారుచేసే చోటు మాత్రమే కాదు, తనిఖీ కేంద్రం కూడా. అక్కడ బిప్, కాల్నెక్సిన్ వంటి సహాయక ప్రోటీన్లు కాపలా ఉంటాయి. మడతలు సరిగా పడనివాటిని, జత కుదరనివాటిని అవి పట్టి ఉంచుతాయి. ఎంతకీ బాగుపడని ప్రోటీన్లు విచ్ఛిన్నమైపోతాయి. సగం బిగించిన పంపు త్వచానికి చేరితే అయాన్లు అడ్డదిడ్డంగా కారిపోయే ప్రమాదం ఉంది. కాబట్టే ఇంత కట్టుదిట్టం.

ఆల్ఫా, బీటా ఒకదాన్నొకటి ఎలా పట్టుకుని ఉంటాయో చూపే స్ఫటిక నిర్మాణం 2007లో వెలువడింది. పంది మూత్రపిండం నుంచి తీసిన పంపును పరిశీలించి ఆ చిత్రాన్ని సాధించినది ఆర్హుస్ శాస్త్రజ్ఞులే. పీత నరాల పత్రం వెలువడి అప్పటికి సరిగ్గా 50 ఏళ్ళు. స్కౌ అప్పటికి జీవించే ఉన్నారు. ఆయన 2018లో, 99 ఏళ్ళ వయసులో మరణించారు.

ఏ ముఖానికి చేరాలి?

గాల్జీ దాటాక మరో చిక్కు ఉంది. పేగు, మూత్రపిండం వంటి అవయవాల్లోని కణాలకు రెండు ముఖాలుంటాయి. ఒకటి లోపలి ఖాళీ వైపు ఉండే పైముఖం. రెండోది రక్తం వైపు ఉండే అడుగుముఖం, దానితో కలిసిన పక్కలు. ఈ కణాల్లో చాలావాటిలో సోడియం పంపు అడుగుముఖంలోనూ పక్కల్లోనూ మాత్రమే ఉంటుంది. పైముఖంలో ఉండదు. ఈ ఏర్పాటు ఎలా జరుగుతుంది?

కుక్క మూత్రపిండం నుంచి తీసి పెంచుతున్న ఎం.డి.సి.కె. అనే కణాలమీద ఈ ప్రశ్నను పరీక్షించారు. 1986లో మైకేల్ కాప్లాన్, పలాడే తదితరులు, పంపు గాల్జీ నుంచి నేరుగా అడుగుముఖానికే వెళుతున్నదని ప్రకటించారు. 1991లో జేమ్స్ నెల్సన్ బృందం అందుకు భిన్నమైన ఫలితం చూపింది. పంపు రెండు ముఖాలకూ సమానంగానే వెళుతుందనీ, అడుగుముఖంలో ఉన్న పంపులను మాత్రం త్వచం కింద ఉండే యాంకిరిన్ మొదలైన ప్రోటీన్ల వల పట్టి ఉంచుతుందనీ, పైముఖంలోనివి త్వరగా తొలగిపోతాయనీ వారన్నారు.

ఇద్దరిలో ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు! పేరు ఒకటే అయినా, వేర్వేరు ప్రయోగశాలల్లో పెరుగుతున్న ఎం.డి.సి.కె. కణాలు వేర్వేరు శాఖలకు చెందినవని తరవాత తేలింది. ఒక శాఖలో గాల్జీ దగ్గరే బట్వాడా విడిపోతుంది. మరో శాఖలో చేరాక ఏరివేత జరుగుతుంది. కణానికి రెండు ఉపాయాలూ తెలుసు. ఎదుటివారి ఫలితం మన ఫలితంతో సరిపడనప్పుడు, వారు వాడిన పదార్థం మనది ఒకటేనా అని ముందుగా చూడాలని ఈ వివాదం నేర్పుతుంది.

ఒక మినహాయింపునూ గుర్తుంచుకోండి. మెదడులో ద్రవాన్ని స్రవించే కోరాయిడ్ ప్లెక్సస్ కణాలలో పంపు పైముఖంలోనే ఉంటుంది. అక్కడ సోడియం, నీరు రక్తం నుంచి మెదడు గదుల్లోకి రావాలి కదా! పని తిరగబడినప్పుడు పంపు చోటూ తిరగబడింది.

ప్రాణం నిలిపే ఉప్పునీళ్ళు

పంపు ఏ ముఖంలో ఉంటే ఏమిటి అని మీరు అడగవచ్చు. దీనికి జవాబు మన ఉపఖండపు చరిత్రలోనే ఉంది.

పేగు కణంలో అడుగుముఖాన ఉన్న పంపు సోడియాన్ని రక్తం వైపు తోడుతుంది. కణంలో సోడియం తగ్గుతుంది. అప్పుడు పైముఖాన ఉన్న మరో ప్రోటీను, పేగులోని సోడియాన్ని గ్లూకోజుతో జతకలిపి లోపలికి లాక్కుంటుంది. వాటి వెంట నీరూ వస్తుంది. ఈ జత ప్రవేశాన్ని 1960లో ప్రాగ్ నగరంలో జరిగిన సమావేశంలో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించారు. పంపు రెండు ముఖాల్లోనూ సమానంగా ఉంటే? పొలానికి నీరు పెట్టే మోటారుకు ఎదురుగా, అదే నీటిని తిరిగి కాలువలో పోసే మోటారును బిగించినట్లే.

కలరా విషం పేగును పైముఖం నుంచి నీరు విపరీతంగా పోయేటట్లు చేస్తుంది. ఆ విషాన్ని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే నిరూపించారు. అదృష్టవశాత్తూ అది సోడియం పంపును, గ్లూకోజు జత ద్వారాన్ని చెడగొట్టదు. కాబట్టి ఉప్పు, గ్లూకోజు కలిపిన నీరు తాగిస్తే పేగు దాన్ని పీల్చుకోగలదు. 1968లో ఢాకాలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ కాష్ దీన్ని రోగులమీద చూపించారు. 1971 యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగాఁ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు నిండుకున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ద్రావణాన్నే నోటిద్వారా తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. 2022లో కన్నుమూసిన ఆయనకు మరుసటి ఏడాది పద్మవిభూషణ్ ప్రకటించారు. లీటరు నీటిలో కలిపే నేటి ఓ.ఆర్.ఎస్. పొట్లంలో ఉండే 20.5 గ్రాముల పొడి వెనుక, కోట్లాది పేగు కణాల్లో సరైన ముఖానికి చేరిన పంపులున్నాయి.

దారిలో ఇరుక్కుపోతే

ప్రయాణం మధ్యలో ఆగిపోతే ఏమవుతుందో చూపే ప్రసిద్ధ ఉదాహరణ సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి. దీనికి కారణమైన సి.ఎఫ్.టి.ఆర్. ప్రోటీను పంపు కాదు, క్లోరైడు అయాన్ల ద్వారం. కాని అది నడిచేదీ ఈ దారిలోనే. దాని జన్యువు 1989లో దొరికింది. చాలామంది రోగుల్లో 508వ అమైనో ఆమ్లం ఒక్కటి లోపించి ఉంటుంది. అటువంటి ప్రోటీను తనిఖీ దగ్గరే ఆగిపోయి త్వచానికి చేరడం లేదని 1990లో తెలిసింది. 1992లో కణాలను చల్లటి చోట పెంచి చూస్తే అందులో కొంత త్వచానికి చేరి, పనికూడా చేసింది! అంటే అది పూర్తిగా చెడిపోయిన యంత్రం కాదు. మడత లోపంవల్ల తనిఖీ దాటలేకపోతున్నది. దాన్ని సరిగా మడవడానికి సాయపడే మందులు ఈ ఆలోచన నుంచే పుట్టాయి. మూడు మందుల కలయికకు 2019లో అమెరికాలో అనుమతి లభించింది.

సోడియం పంపు ఆల్ఫా జన్యువుల్లోనూ లోపాలు రావచ్చు. 2003లో ఒక రకం వంశపారంపర్య పార్శ్వపు నొప్పికి, 2012లో పిల్లల్లో శరీరం ఒకపక్క మార్చి ఒకపక్క చచ్చుబడే అరుదైన వ్యాధికి ఇటువంటి లోపాలే కారణమని కనుగొన్నారు.

పంపుల ప్రయాణం రోజూ మీ కడుపులోనూ జరుగుతున్నది. జీర్ణాశయంలో ఆమ్లాన్ని స్రవించే పంపు, సోడియం పంపుకు దగ్గర చుట్టం. దానికీ ఆల్ఫా, బీటా జంట ఉంది. ఆకలి లేనప్పుడు ఈ పంపులు కణం లోపలి సంచుల్లో దాగి ఉంటాయి. భోజనానికి కూర్చోగానే సంకేతాలు అంది, ఆ సంచులు పైముఖంలో కలిసిపోయి ఆమ్లం తోడడం మొదలుపెడతాయి. కడుపులో మంట తగ్గడానికి పరగడుపున వేసుకునే ఒమెప్రజోల్ మాత్ర అడ్డుకునేది ఈ పంపునే.

ఇప్పుడొక పని చేయండి. నోటుపుస్తకంలో పేగు కణం బొమ్మ గీయండి. కేంద్రకం, దాని చుట్టూ జాలం, పైన గాల్జీ వేయండి. ఆల్ఫా, బీటాలను రెండు రంగుల్లో గీసి, అవి ఎక్కడ కలుస్తాయో, ఏ దారిన వెళతాయో, ఏ ముఖానికి చేరతాయో బాణాలతో చూపండి. తరవాత పంపును పొరపాటున పైముఖంలో పెట్టి, సోడియం, నీరు ఎటు కదులుతాయో మళ్ళీ బాణాలు గీయండి. సరైన పంపు కూడా తప్పుచోట ఉంటే ఏమవుతుందో ఆ రెండు బొమ్మలను పక్కపక్కన పెట్టి చూస్తే మీకే తెలుస్తుంది.